సీమమొక్క కాని సీమమొక్క

వేసవిలో ఉదకమండలమునకో బెంగుళూరునకో పోయి వచ్చు మన పాఠకులలో ననేకులు ఆ పట్టణములందలి బంగళాల వసారాలలో కుండీలయందు పెంచబడు నొక మొక్కను చూచియే యుందురు. దానికి పూవులు లేకపోలేదు. కాని పూవులకొరకు దాని నెవరును పెంచరు. ఆకే దానికి అలంకారము. ఆ యాకు అరచేతికంటె పెద్దది. నడిమి యీనెకు ఒక వైపు వెడల్పుగను, రెండవ వైపు ఇరుకుగను ఉండి, ప్రక్కకు ఒరిగిన తమలపాకువలె కనుపించును. నడుమ ముదురాకుపచ్చ, దానిని చుట్టి వెండిరేకు తాపినట్లొక పట్టె, అంచున మరల ఆకుపచ్చ. అడుగున ఎరుపు, కాడపై నూగు. కొన్నిటియందు ఈ వెండిలో గులాబి రంగు చాయ తొంగిచూచును. మరికొన్నిటియందు ఆకంతయు కుంకుమ చల్లినట్లుండును. దీని పేరేమని యడిగినచో రెక్సు బిగోనియా యనియు, ఇది సీమమొక్క యనియు సమాధానము వచ్చును.

మనభాషలో సీమ యను నీ విశేషణము చిత్రమైనది. సీమచింత నిజముగా అమెరికాఖండమునుండి వచ్చినదే. దానికా పేరు తగును. కాని ఈ వెండియాకు మొక్కకు సీమ యనిన తగదు. ఇది అస్సాముప్రాంతపు అడవిమొక్క. మనదేశపు కొండవాగుల ప్రక్కను, నీడయందు, తడిరాళ్లనడుమ పుట్టి పెరిగినది. ఇక్కడనుండి ఓడయెక్కి బెల్జియము పోయి, అక్కడ రాజు అను బిరుదు పొంది, లాటిను పేరుతో తిరిగి మన వసారాలకు వచ్చినది. రెక్సు అనగా లాటినున రాజు. మన యింటి బిడ్డ పరదేశమున పెరిగి వచ్చినపుడు మనము దొరవారని లేచి నిలుచున్నట్లున్నది ఈ వ్యవహారము.

కథ యెట్లు నడిచినదో చూతము. 1826వ సంవత్సరపు యాందబూ సంధితో బర్మావారు అస్సామును విడిచిపెట్టిరి. అది కుంపిణీవారి వశమైనది. 1839లో అస్సాముకంపెనీ యేర్పడి తేయాకు తోటలు వేయసాగెను. తేయాకుకొరకు తెరచిన దారులవెంట మొక్కలు సేకరించువారును ప్రవేశించిరి. ఆ కాలమున ఐరోపాదేశపు ధనికులకు ఉష్ణదేశపు మొక్కలపై గల వ్యామోహము ఇంతింతనరానిది. లండనులో వార్డు అను వైద్యుడు 1830ల ప్రాంతమున కనిపెట్టిన గాజుపెట్టెలో మొక్క నుంచినచో నెలల తరబడి సముద్రప్రయాణముచేసియు బ్రతుకుచుండెను. గాజుపలకల ధర తగ్గుటతో, బొగ్గుమంటలతో వేడిచేసిన గాజుమేడలు ప్రతి ప్రభువు తోటయందును లేచెను. ఆ మేడలను నింపుటకు అడవులు కావలసివచ్చెను.

ఈ వ్యాపారపు తీరు తెలిసికొనుటకు ఒక్క యుదాహరణము చాలును. సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హూకరు 1850లో ఖాసీకొండలలో తిరిగి, అచ్చటి నీలిరంగు వాండా యను ఆర్కిడు పూలమొక్కను క్యూ తోటకై సేకరించినాడు. ఎంత సేకరించినాడు? ఏడుగురు మోయునంత. ఆ సంగతిని ఆయనయే 1854లో ప్రచురించిన తన హిమాలయ యాత్రాగ్రంథమున వ్రాసికొన్నాడు. అందు ఇంగ్లండునకు ప్రాణముతో చేరినవి బహుస్వల్పము. ఆయనతో తన తోటమాలిని పంపి స్థలము తెలిసికొనిన మరియొక దొర ఒక్క మనిషి మోతను పంపగా, మొక్కలు వాడిపోయి చేరినను, మూడువందల పౌనులకు అమ్ముడుపోయెనట. ఏడుగురి మోత, ఒకరి మోత అను లెక్కయే కాని ఆ మోసినవా రెవరో, వారి యూరేదో మన కేమియు తెలియదు. మనుష్యులచ్చట తూకపురాళ్లవలె లెక్కింపబడిరి.

ఇట్టి కాలముననే, 1850ల నడిమి సంవత్సరములలో, మన వెండియాకు మొక్క అస్సామునుండి బ్రస్సెల్సు నగరమునందలి లిండెను దొర తోటకు చేరినది. లిండెను లక్సెంబర్గున పుట్టినవాడు. దక్షిణామెరికా అడవులలో ఏండ్లతరబడి తానే తిరిగి మొక్కలు తెచ్చి, పిమ్మట వర్తకుడై స్థిరపడినవాడు. దీనికి శాస్త్రీయనామము పెట్టినవాడు ప్యుట్జే యను బెల్జియము దేశీయుడు. మన పాఠకులలో న్యాయవాదులు మెండు కనుక వారికి రుచించునను నాశతో చెప్పుచున్నాము: ఈ ప్యుట్జే వృత్తిచే న్యాయశాఖయందు ఉన్నతోద్యోగి. తీరికవేళల పురుగుల శాస్త్రమునందును, బిగోనియాలయందును కృషిచేసి రెండిటియందును పేరు సంపాదించెను. 1857లో, గెంటు నగరమున వాన్ హూటు వారు వెలువరించుచుండిన సచిత్రపత్రికలో, ఆయన ఈ మొక్కను వర్ణించి బిగోనియా రెక్సు అని నామకరణము చేసెను. ఆ 1857వ సంవత్సరమున మనదేశమున నేమి జరుగుచుండెనో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంటిపేరు బిగోనియా యనునది అంతకు పూర్వపుది. దాని చరిత్రయును వినదగినదే. పదునేడవ శతాబ్దాంతమున కరీబియను దీవులలో మొక్కలు పరిశీలించిన ప్లూమియే యను ఫ్రెంచి సన్న్యాసి, తనకు ప్రాపుగా నిలిచిన మిషెల్ బెగోన్ అను రాజోద్యోగి పేరిట ఈ కులమునకు ఆ నామము నిచ్చెను. 1753లో లిన్నేయసు దానిని స్థిరపరచెను. ఈ బెగోన్ ఆ దీవులలో ఫ్రెంచిప్రభుత్వపు పాలనాధికారి. 1685లో పదునాలుగవ లూయీ బానిసలను గూర్చి వెలువరించిన నల్లచట్టమునకు ఆధారమైన నివేదికల రచనలో ఈయనకును భాగము కలదు. అమాయకమగు ఒక అడవియాకు, ఎన్నడును తాను చూడని యొక యధికారి పేరును మోయుచున్నది. నేడు రెండువేలకు పైబడిన జాతులు ఆ పేరుతోనే లోకమంతట పిలువబడుచున్నవి. ఇక దానిని మార్చు టెవరి తరమును కాదు. శాస్త్రమునందు మొదటి పేరే నిలుచునను నియమము కలదు. అది మంచి నియమమే. కాని ముందుగ కాగితముపై వ్రాసినవానిదే పేరగును. మనము వ్రాయలేదు.

మనకు ఈ మొక్కల యెరుకయే లేకుండెనా? ఖాసీకొండలలోను మిజోకొండలలోను గ్రామస్థులు కొన్ని బిగోనియాల యాకులను కాడలను పులుపుకొరకు కూరలలో వేసికొనుటయు, పచ్చడి నూరుకొనుటయు నేటికిని కలదు. మనము చుక్కకూరను వాడినట్లే. పులుపునకు హేతువును ఒక్కటియే: రెండిటను ఆక్సాలికామ్లము గలదు. అచ్చటివారు ఏది తినదగినది, ఏది కాదు, ఏది యే రాతిక్రింద మొలచును అను వివరములు తరతరములుగ నెరుగుదురు. ఆ యెరుక నోటనే నిలిచినది. పుస్తకమున కెక్కలేదు.

ఈ సందర్భమున మన యాంధ్రదేశపు సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. నేటి కాకినాడ జిల్లాయందలి సామర్లకోటలో 1781 మొదలు పదియేండ్లకు పైగా నివసించి, అచ్చట తోట వేసి, మన తీరపు మొక్కలను పరిశీలించిన విలియము రాక్సుబరో యను కుంపిణీవైద్యుడు 1793లో కలకత్తా తోటకు అధిపతియయ్యెను. ఆయన పేరిట కోరమాండలుతీరపు మొక్కలనుగూర్చి లండనున 1795 మొదలు వెలువడిన మహాగ్రంథమునందలి బొమ్మలు వ్రాసినవారు మన దేశీయ చిత్రకారులు. ఆ బొమ్మల సౌకుమార్యమును చూచి నేటికిని పండితులు ఆశ్చర్యపడుచున్నారు. చిత్రకారుల పేరులు మాత్ర మందు కానరావు. రాక్సుబరో పేరు అనేక వృక్షములకు నిలిచినది. ఈశాన్యదేశపు బిగోనియా యొకదానికిని ఆయన పేరే కలదు. సామర్లకోటలో ఆయన చేతిక్రింద కుంచె పట్టినవాని పేరు ఒక గడ్డిపరకకైనను లేదు.

ఇంతమాత్రమున బెల్జియమువారిని, జర్మనులను దూషించి కూర్చుండుట మా యభిప్రాయము కాదు. వారు చేసిన కృషి నెంచక తప్పదు. రెక్సు చేతికందినది మొదలు తోటమాలులు దానిని తక్కిన జాతులతో కలిపి నూతనరకములను పుట్టింపసాగిరి. 1882 ప్రాంతమున బోర్నియో ద్వీపమునుండి వచ్చిన డయడేమా యను చీలికలాకుల జాతి కూడ ఈ సంబంధములలో చేరెను. కొన్ని దశాబ్దములలోనే వందలకొలది రకములు వెలసెను. ఒకే తల్లి సంతతి యింతగా విస్తరించుటచేత శాస్త్రజ్ఞులు వీనినన్నిటిని కలిపి, తోటవారి రెక్సు అను నర్థము వచ్చు రెక్సు కల్టోరం అను పేరు పెట్టవలసివచ్చెను.

ఈ పాతరకములలో నేటికిని బ్రతికియున్నదానిని ఒక్కదానిని చెప్పుదుము. 1880ల దశకమున ఆస్ట్రియా హంగరీ రాజ్యమున వెలువడిన కౌంటెస్ లూయీజ్ ఎర్డోడి యనునది. హంగరీదేశపు ప్రభుకుటుంబ స్త్రీ పేరు దానిది. వెండికి గులాబిచాయ పూసినట్లుండు ఆకు. ఈనెలవెంట ఆకుపచ్చ గీతలు. అన్నిటికంటె విశేషము, ఆకు మొదట నొక చెవి తన్ను తాను చుట్టుకొని శంఖమువలె సుడితిరిగియుండును. నేటి యంగళ్లలో నత్తయను నర్థముగల ఫ్రెంచి పేరుతో అమ్మబడు సుడియాకు రకము ఈ ధోరణిదియే. ఆ కౌంటెసును కన్న రాజ్యము 1918లో పటమునుండి తుడిచిపెట్టుకొనిపోయినది. ఆమె పేరుగల ఆకు మిగిలినది.

అది మిగులుట కేమి కారణము? ఇచ్చట మామిడితోటలు గల మన భూస్వాములకు విషయము సులభముగ బోధపడును. టెంక నాటిన మామిడి తల్లిని పోలదు. సువర్ణరేఖ కావలసినచో సువర్ణరేఖ అంటే కట్టవలెను. కొత్తపల్లికొబ్బరి యనుచు మనము తినునది యే యూర నున్నను, అంటుకట్టగా నంటుకట్టగా సాగివచ్చిన ఒక్క చెట్టే. ఈ బిగోనియాయును అట్టిదే. సంకరజాతి కనుక విత్తు నాటిన తల్లి రాదు. దుమ్మువంటి ఆ విత్తులనుండి వేరువేరు రూపముల మొక్కలు మొలచును. కనుక 1880లలో పుట్టిన ఆ కౌంటెసు నేడొక కుండీలో నున్నదనగా, నాటి మొక్కయే ఆకునుండి ఆకుగా, చేతినుండి చేతికి సాగివచ్చినదని యర్థము. నడుమ నెవ్వరును పట్టించుకొనకున్నచో అంతటితో సరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున గాజుమేడలకు బొగ్గు కరవైనపు డెన్నియో సేకరణములు చల్లారిపోయెను. పేరులు జాబితాలలో నున్నవి, మొక్కలు లేవు. 1932లో కాలిఫోర్నియాయందు కొందరు గృహస్థులు కూడి అమెరికను బిగోనియా సంఘమును స్థాపించిరి. నేడు లోకమునందలి బిగోనియా రకముల పేరులు నమోదు చేయు నధికారమును ఆ సంఘమునకే కలదు. అనగా అస్సాముతల్లి సంతతికి జననమరణములు వ్రాయు కరణము కాలిఫోర్నియాలో నున్నాడు.

ఆకుపై వెండి యెక్కడనుండి వచ్చినది? చాలమంది దీనినొక తెల్లరంగుగా నెంచుచున్నారు. అది రంగు కాదు. తెల్లమచ్చల మొక్కలు కొన్నిటిలో ఆకుపచ్చ పదార్థము లోపించుటచేత తెలుపు వచ్చును. అట్టి భాగము ఆహారము వండుకొనజాలదు, మొక్క కొంత బలహీనమగును. బిగోనియా వెండి యట్టి బొల్లి కాదు. పైపొరకును, దానిక్రింది పచ్చని కణములకును నడుమ సన్నని గాలియరలున్నవి. వెలుతురు ఆ యరలలో ప్రవేశించి చెదరి వెనుకకు మరలుటచేత తెల్లగా మెరయును. నీటికి తెలుపు లేకపోయినను నురుగుకు తెలుపున్నట్లు. ఈ సంగతిని ఇటీవల సూక్ష్మదర్శినులతో పరిశీలించి, వెండిభాగములును పచ్చభాగములవలెనే పని చేయుచున్నవని తేల్చిరి. ఎరుపునకు మాత్రము వేరుగ రంగుపదార్థమున్నది. ఈ జాతివారి యాకులలో ఇంకను విచిత్రములు కలవు. మలయాదేశపు అడవినీడలో నెమలికంఠమువలె నీలముగ మెరయు నొక బిగోనియా యున్నది. దాని పచ్చని రేణువుల పొరల యమరికయే మసక వెలుతురును ఒడిసిపట్టుకొనుచున్నదని 2016లో ప్రకటించిరి.

ఇక మన కర్తవ్యమన నేమి? గతించినదానిని బెల్జియమువారి నడిగి తెచ్చుకొనునది కాదు. 1992లో రియో నగరమున కుదిరిన ఒడంబడిక, ప్రతిదేశమునందలి జీవసంపదపై ఆ దేశమునకే స్వామ్యము గలదని యంగీకరించినది. అంతకుముందు తరలిపోయినవానికి అది వర్తింపదు. ఆ యొడంబడికననుసరించి మనదేశము 2002లో జీవవైవిధ్యచట్టము చేసికొన్నది. దాని ప్రధానకార్యాలయము చెన్నపట్టణముననే యున్నది. ఆ చట్టముక్రింద ప్రతి పంచాయతికి నొక సంఘమును, ఆ యూరి చెట్టుచేమలను, వానిని గూర్చి ఊరివారికి గల యెరుకను వ్రాసియుంచు ప్రజాపట్టికయు ఉండవలెను. ఇది గొప్ప సాధనము. కాని కాగితముపై సంఘములుండుట వేరు, పట్టికలో నిజమైన మాటలుండుట వేరు. ఊరి వృద్ధురాలి నడుగక, పుస్తకమునుండి నాలుగు లాటిను పేరులు ఎత్తివ్రాసి సంతకముచేసిన పట్టిక యెవరికి నుపయోగము? ఖాసీపల్లెలో పచ్చడికి కోయు ఆకునకు అచ్చటి పేరే మొదట వ్రాయబడవలెను. మన మన్యమునను అంతే.

ఒక శుభవార్త చెప్పవలెను. అరుణాచలప్రదేశపు అడవులనుండి ఇటీవలి సంవత్సరములలో మనదేశపు శాస్త్రజ్ఞులు నూతన బిగోనియాజాతులను కనుగొని, తామే వర్ణించి, ప్రకటించుచున్నారు. ప్యుట్జే చేసిన పనిని నేడు మనవారు చేయుచున్నారు. అడవిని నరికివేసిన పిమ్మట చేయు వర్ణన మరణవార్తయే యగును గనుక, వారి తొందర మనకు నర్థము కావలెను. ఈ మొక్కలలో చాలభాగము ఒక్క లోయకో, ఒక్క వాగుకో పరిమితములు. రహదారికై ఒక కొండచరియను తొలచినచో ఒక జాతి సాంతము పోవచ్చును.

మన తెలుగుదేశమున తోటలు గలవారు చేయదగిన పనియు కొంత కలదు. కడియము ప్రాంతపు నర్సరీలలో నేడు లేని యలంకారపు మొక్క యరుదు. అచ్చటివారి చేతినేర్పు దేశమంతట ప్రసిద్ధము. కాని కొన్నవాడును అమ్మినవాడును పేరడుగరు. అడిగినను రంగు చెప్పుదురు. పాత బంగళాల ఆవరణములలో తాతలనాడు నాటిన క్రోటనులు, గులాబులు, లిల్లీలు పేరు మరచిపోయి పడియున్నవి. స్థలము అమ్ముడుపోయిననాడు అవి చెత్తబండిలో పోవును. ఒక్క పుస్తకమున వాని పేరు, తెచ్చిన సంవత్సరము, ఇచ్చినవారి యూరు వ్రాసియుంచుట కెంత శ్రమ?

బిగోనియా మాటకు వత్తము. కోస్తామండలముల వైశాఖపుటెండకు, వడగాలికి రెక్సు నిలువదు. దానికి పదునైదు మొదలు ఇరువదియైదు డిగ్రీలవరకు గల చల్లదనమును, గాలిలో తేమయు, నేరుగా నెండ తగులని వెలుతురును కావలెను. అరకువంటి మెట్టచోటులందును, బెంగుళూరు హైదరాబాదుల యందలి తెలుగువారి యిండ్ల ఉత్తరపు వసారాలలోను ప్రయత్నింపవచ్చును. వేరులు లోతునకు పోవు కనుక వెడల్పు కుండీ మేలు. ఆకుమన్ను, ఇసుక సమముగ కలిపి, మన్ను పైన ఆరినపిమ్మటనే నీరు పోయవలెను. ఆకులపై నీరు చిలికినచో బూజు పట్టును. దీనిని చంపువారిలో నెక్కువమంది ప్రేమాతిశయముచే నీరుపోసి చంపువారే.

పిల్లలను తీయుటకు ముదిరిన యాకునొకదానిని కాడతో కోసి, వెనుకవైపున పెద్ద యీనెలు చీలినచోటుల చాకుతో చిన్న గాటులు పెట్టి, తడియిసుకపై వెల్లకిల పరచి, గులకరాళ్లతో నద్ది యుంచవలెను. పైన గాజుపలక కప్పవలెను. ఆరెనిమిది వారములలో గాటుపెట్టిన చోటులనుండి వేరులు దిగి, గోరంత ఆకులు లేచును. మొదటి యాకులోనే వెండి కనుపించును. ఒక్క యాకునుండి నాలుగైదు మొక్కలు వచ్చును. ఒకటి తానుంచుకొని తక్కినవి ఇరుగుపొరుగు తోటలకు పంచుట ఈ మొక్కలు పెంచువారి యాచారము. తన కుండీలోనిది చచ్చినను వారివద్ద నుండును. పంచునపుడు కుండీకి చీటి కట్టి, దానిపై రకము పేరు వ్రాసి, దానిక్రింద స్వస్థలము అస్సాము అనియు వ్రాయవలెను.